పదకొండు మంది ఆడపిల్లల తండ్రి

మా వీధిలో వెంకటరావమ్మ గారు పోయినప్పుడు పాడె గంటన్నర సేపు వాకిట్లోనే ఆగిపోయింది. అద్దంకి నుంచి పుట్టింటి చీర రావాలి, అదీ సంగతి. ఎంత వయసులో పోయినా సరే, పెళ్లయిన ఆడమనిషి ఇంట్లోంచి ఆఖరిసారి కదలాలంటే పుట్టింటివాళ్లు తెచ్చిన చీర ఆమె మీద కప్పాల్సిందే. హిందువులైనా, మాలాంటి క్రైస్తవులైనా, ఈ ఒక్క విషయంలో సత్తెనపల్లి అంతా ఒకటే మతం. చివరికి ఆటో వచ్చింది. అందులోంచి ఆవిడ అన్నగారు దిగాడు. ఆయనకి ఎనభై ఎనిమిదేళ్లు. ఇద్దరు పట్టుకుంటే తప్ప నిలబడలేని మనిషి, చంకలో ఉన్న ప్లాస్టిక్ కవరు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు. తనే వంగి, తనే చీర మడత విప్పి, చెల్లెలి మీద కప్పాడు.

మా అత్తయ్య దేవకుమారి ఆ తతంగమంతా మా గేటు దగ్గర కుర్చీ వేయించుకుని చూసింది. లోపలికొచ్చి, స్నానం చేసి, మారు వడ్డించుకుని మరీ అన్నం తిని, చెయ్యి కడుక్కుంటూ నన్ను పిలిచింది.

“లిడియా, నా మీద చీర ఎవరు కప్పుతారే?”

ఆమెకి ఎనభై ఒకటి. గుండె రాయిలా ఉంది, నోరు అంతకన్నా గట్టిగా ఉంది. ఇప్పట్లో చీర అవసరం పడే సూచనలేవీ లేవు. మా ఆయన మార్క్ అప్పటి సంగతి అప్పుడు చూద్దాంలే అమ్మా అన్నాడు. కరెంటు బిల్లు నుంచి కడుపునొప్పి దాకా దేనికైనా ఆయన దగ్గర ఉన్న మందు అదొక్కటే. నేను కాస్త తెలివి చూపిద్దామనుకుని, నాకు నలుగురు అన్నయ్యలున్నారు కదా, వాళ్లలో ఎవరో ఒకరు తెస్తారులెండి అన్నాను. అత్తయ్య నా వైపు చూసిన చూపు, ఎంగిలి కంచం ముందుకు తోసినా చూడరేమో అలా. నీ పుట్టింటి చీర నీ మీద కప్పించుకో అనేసి వెళ్లి పడుకుంది.

మా అన్నయ్యలు ఏటా వేసవిలో మిరపకాయల బస్తా ఒకటి దింపిపోతారు. వాళ్లు వచ్చినప్పుడల్లా అత్తయ్య మొహం తిప్పుకుంటుంది. ముప్పయ్యేళ్లుగా దాన్ని నేను పొగరు కింద జమకట్టాను. ఆ పూట కుర్చీలో కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది. కోపం మా అన్నయ్యల మీద కాదు. ఆమె కోసం అలా బస్తా మోసుకుంటూ ఎవరూ రాలేదు, ఒక్కసారి కూడా.

తన పుట్టుక గురించి అత్తయ్యకి తెలిసింది బస్సు టిక్కెట్టు వెనక రాస్తే సరిపోతుంది. ఆరేళ్ల వయసులో ఎవరో మనిషి ఆమెని భుజాన ఎక్కించుకుని గుంటూరులో ఒక ఆడపిల్లల బోర్డింగ్ స్కూలుకి తెచ్చాడు. చేర్పించి, చేతిలో రెండు వేరుశనగ ఉండలు పెట్టి, మళ్లీ వస్తానని చెప్పి వెళ్లాడు. రాలేదు. మిగతా పిల్లల కోసం క్రిస్మస్‌కీ వేసవికీ మనుషులు వచ్చేవాళ్లు. ఈమె కోసం పన్నెండేళ్లలో ఒక్కరూ రాలేదు. పద్దెనిమిదో ఏట ఆ బోర్డింగ్ నడిపే మిషన్ దొరసానమ్మే సంబంధం చూసి, మా మావయ్యకిచ్చి పెళ్లి చేసి పంపింది. సర్టిఫికెట్లో ఉన్నది టి. దేవకుమారి అని మాత్రమే. ఆ టి ఏమిటని అడిగితే, కూతుర్ని గేటు దగ్గర వదిలేసి పోయినవాడి ఇంటిపేరు నాకెందుకు అనేది. అయితే ఎప్పుడో మనసులో అది తాళ్లూరే అయ్యుంటుందని తేల్చుకున్నట్టుంది. మా వీధిలోకి ఆకుకూరలు తెచ్చే తాళ్లూరి వాళ్లబ్బాయి దగ్గర మాత్రం ఆమె ఎన్నడూ బేరం ఆడలేదు.

నేను ఎలిమెంటరీ స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌ని. ఇరవై ఆరేళ్లుగా అడ్మిషన్ రిజిస్టర్లు రాస్తున్నదాన్ని. మా మండలంలో సగం మంది జూన్ నెలలో ఎందుకు పుట్టారో నాకు బాగా తెలుసు, వాళ్ల పుట్టినరోజులు పెట్టింది మేమే కాబట్టి. ఆ ధీమాతో ఒక రోజు సెలవు పెట్టి గుంటూరు వెళ్లాను.

బోర్డింగ్ స్కూలు రికార్డు గదికి సిలార్ గారని ఒక గుమాస్తా కాపలా. రిటైర్‌మెంట్‌కి ఆరు నెలలుంది. ఉద్యోగమంతా చెదపురుగులతో యుద్ధానికే సరిపోయిందని, చాలా వరకు తనే గెలిచానని చెప్పాడు. అత్తయ్య వయసు లెక్కగట్టి సంవత్సరం చెప్పాను. ఆయన బీరువా పైఅర నుంచి రిజిస్టరు దించి బల్లకేసి కొట్టాడు. ఇద్దరం కాసేపు తుమ్ముకున్నాం. 1950 జూన్, మూడో పేజీలో దొరికింది. దేవకుమారి, వయసు ఆరు. తండ్రి పేరు తేళ్ల జక్రయ్య, ఉపదేశి, పొదిలి.

ఉపదేశి అంటే ఆ రోజుల్లో మిషన్ దొరల కింద పల్లెల్లో వాక్యం చెప్పి, పిల్లలకి అక్షరాలు దిద్దించే మనిషి. నాకు పట్టరాని సంతోషం వేసింది. ఫోన్లో నాలుగు ఫొటోలు తీసుకుని, సిలార్ గారికి రెండు చేతులా దణ్ణం పెట్టి వచ్చేశాను.

అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని, రెండు వేళ్లతో ఫొటో పెద్దది చేసి, చాలా సేపు చూసింది. తేళ్లా, అంది. ఆ నోటికి ఆ ఇంటిపేరు ఎలా కుదిరిందో నేను పైకి అనలేదు. సాయంత్రానికల్లా వీధి మొత్తానికి తెలిసిపోయింది, మా అత్తయ్య తేళ్ల వారి ఆడపడుచని, వాళ్ల నాన్న ఉపదేశి అని. మర్నాటి నుంచి ఆకుకూరల తాళ్లూరికి గడ్డుకాలం మొదలైంది. గోంగూర కట్ట కట్టకీ బేరమే. ఆ తర్వాత నాకు ఆజ్ఞ అయింది. వాళ్లెక్కడున్నారో వెతకాలి. చీర మంగళగిరిది, నూలుదే తేవాలి, జరీ వద్దు. తెల్లది తెస్తే లేచి కూర్చుంటానని ముందే చెప్పమంది.

ఆదివారం మధ్యాహ్నం ఆ ఫొటో మా పెద్దన్నయ్యకి పంపిద్దామని తీస్తే, అప్పుడు కనిపించింది పై వరస. కరుణమ్మ, వయసు ఆరు, తండ్రి తేళ్ల జక్రయ్య. కింది వరస చూశాను. సలోమి, ఏడు, తండ్రి తేళ్ల జక్రయ్య. దాని కింద మార్తమ్మ, ఆరు, అదే తండ్రి. నలుగురూ ఒకే రోజు చేరారు. ఒక మనిషికి ఒకే ఈడు ఆడపిల్లలు ముగ్గురు, పైన ఏడాది పెద్దది ఇంకొకతె. ఎంత ఉపదేశి అయినా లెక్క కుదరాలి కదా. మెల్లగా వెళ్లి, కరుణమ్మ అంటే మీ చెల్లెలా అత్తయ్యా అని అడిగాను. పక్క మంచం పిల్ల అంది, తన దువ్వెన కాజేసిందట, డెబ్బై అయిదేళ్లయినా ఆ కోపం తీరలేదు. అలాంటిది నాకు చెల్లెలవడం ఏమిటని నన్నే కసిరింది.

సిలార్ గారికి ఫోన్ చేశాను. ఆయన ముందు బాగా నవ్వాడు. ఆ రోజుల్లో మిషన్‌లో పనిచేసేవాళ్ల పిల్లలకే బోర్డింగ్ ఊరికే పెట్టేవాళ్లట. కూలివాళ్ల పిల్లలయితే ఏడాదికి సరిపడా ధాన్యం కొలవాలి. అందుకని కొందరు ఉపదేశులు పల్లెలోని దిక్కులేని పిల్లల్ని తమ పిల్లలుగా రాయించి చేర్పించేవాళ్లట.

“మా రిజిస్టర్లో ఒక ఉపదేశి గారికి పదిహేడు మంది పిల్లలండి. ఆయనకసలు పెళ్లే కాలేదు” అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. తేదీ ఒకటి కొట్టివేసి రాస్తేనే పైనుంచి మెమో వచ్చే ఉద్యోగం నాది. నేను వెతికి పట్టుకున్నది అత్తయ్య తండ్రిని కాదు, ఒక దొంగ ఎంట్రీని. ఇంట్లో చూస్తే ఆమె వేరే మనిషైపోయింది. మా రెండో అన్నయ్య ఫోన్ చేస్తే తనే తీసుకుని, ఏం అబ్బాయ్, పత్తి ఎన్ని తీతలయింది అని అడిగింది. మా అన్నయ్య భయపడి, అత్తయ్యకి ఒంట్లో బాగాలేదా అని నాకు మళ్లీ చేశాడు. రోజూ పొద్దున్నే ఒకటే ప్రశ్న, మా వాళ్లు ఏమన్నా ఫోన్ చేశారా అని. మా వాళ్లు అనే మాట ఆ నోటి నుంచి నేను వినడం అదే మొదలు. చెప్పడానికి నోరు రాక మూడు వారాలు అబద్ధాలాడాను. ఆమె వీధిలో తలెత్తుకుని తిరుగుతుంటే నాకు అన్నం సయించలేదు.

చివరికి, ఆ జక్రయ్య ఉపదేశి ఇంట్లో ఎవరైనా ఉంటే ఈ పిల్ల అసలు ఎవరి పిల్లో తెలుస్తుందేమోనని, మార్క్‌ని లాక్కుని పొదిలి బయల్దేరాను. నరసరావుపేటలో ఒక బస్సు, దర్శిలో ఇంకో బస్సు. అత్తయ్యకి మాత్రం ఎవరిదో పెళ్లి అని చెప్పాం. పొదిలిలో చర్చి దగ్గర అడిగితే, ఉపదేశి మనవడు కండక్టరు జయపాల్ ఇల్లు అని చూపించారు. ఆయన రిటైరై మూడేళ్లయింది గానీ గొంతు ఇంకా బస్సు చివరి సీటుకి వినపడేలాగే ఉంది. వాకిలంతా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. మార్క్ గేటు దగ్గరే దగ్గు అందుకున్నాడు.

మంచినీళ్లు తాగాక మాట ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. మీ తాత దొంగ లెక్కలు రాశాడని ముక్కూమొహం తెలియని ఇంట్లో కూర్చుని ఎలా అనగలం. 1950లో మీ తాతగారు గుంటూరులో ఒక అమ్మాయిని చేర్పించారట, ఆమె మా అత్తగారు, అంటూ నీళ్లు నమిలాను. ఆయన అడ్డొచ్చి, పేరు చెప్పమ్మా అన్నాడు. దేవకుమారి అన్నాను.

ఆయన లేచి నిలబడ్డాడు.

“ఆరాధనా, తాత బైబిలు తీసుకురామ్మా. ఎనిమిదో ఆమె దొరికింది.”

ఆరాధన ఆయన కూతురు. ఆ పిల్ల తెచ్చిన బైబిలు అట్ట ఊడి, గుడ్డతో కట్టి ఉంది. ఆఖరి పేజీ తర్వాత ఉన్న ఖాళీ కాగితాల మీద జక్రయ్య గారి దస్తూరి. పైన సొంత కొడుకులు ముగ్గురి పేర్లు. ఒక గీత. గీత కింద పదకొండు మంది ఆడపిల్లలు, వేరువేరు ఏళ్లలో చేర్పించినవాళ్లు. ఒక్కొక్కరి పక్కనా అసలు తండ్రి పేరు, ఊరు, ఏడాది. ఎనిమిదో పేరు మా అత్తయ్యది. తండ్రి యలమందయ్య, కూలి. తల్లి కలరాలో పోయింది. తొమ్మిది పేర్ల ఎదురుగా మాత్రం నీలం సిరాతో, తర్వాతి వాళ్ల చేతిరాతతో, తేదీలు వేసి ఉన్నాయి. ఎనిమిదో పేరుకీ, పదో పేరుకీ ఏమీ లేదు.

అవేం తేదీలని అడిగాను. చీర తీసుకెళ్లిన తేదీలని జయపాల్ చెప్పాడు. జక్రయ్య గారు మంచాన పడ్డాక పెద్దకొడుకుని, అంటే జయపాల్ వాళ్ల నాన్నని, పిలిచి చెప్పాడట. నా పేరు రాసినప్పుడే వాళ్లు ఈ ఇంటి ఆడపిల్లలయ్యారు, పోయినప్పుడు చీర ఈ ఇంటి నుంచే వెళ్లాలి అని. అయిదు చీరలు నాన్న తీసుకెళ్లాడు, నాలుగు జయపాల్. ఒకసారి కబురు అందేసరికి డ్యూటీలో ఉన్నాడట. సెలవడిగే వేళ లేక యూనిఫాంలోనే వెళ్లి కప్పి వచ్చాడు. ఎనిమిదో ఆమె కోసం రెండుసార్లు గుంటూరు వెళ్లారు. బోర్డింగ్ వాళ్లు పల్నాడు వైపు ఇచ్చి పెళ్లి చేశామన్నారు తప్ప ఊరు చెప్పలేకపోయారు. అసలు తండ్రి యలమందయ్య, పిల్లని చేర్పించిన ఆ కరువు ఏడాదే కూలికని వలసపోయాడు. ఎటుపోయాడో, ఏమయ్యాడో ఎంత వెతికినా తెలియలేదు.

నాకు ఏడుపు ఆగలేదు. ఘాటు అనుకుని ఆరాధన మిరపకాయలు పక్కకి నెట్టింది. అనుకోనీలే అని ఊరుకున్నాను. కళ్లు తుడుచుకుని, అత్తయ్య ఇన్నేళ్లూ అడగకుండా మింగిన ప్రశ్న నేనే అడిగాను. మళ్లీ వస్తానని చెప్పి ఎందుకు రాలేదండి ఆయన, అని. జయపాల్ గొంతు అప్పుడు మొదటిసారి తగ్గింది.

“వెళ్లాడమ్మా. పండక్కి వెళితే గేటు దగ్గర దొరసాని తండ్రిని నిలబెట్టి, పిల్లని పిలిచి, ఈయన మీ నాన్నేనా అని అడుగుతుంది. ఆరేళ్ల పిల్ల, కాదంటే? ఆమెతో పాటు అందరినీ ఇంటికి పంపేస్తారు. అందుకని రోడ్డు అవతలే నిలబడి చూసి, తెచ్చిన జంతికలు మళ్లీ ఇంటికే తెచ్చేవాడంట. ఏటా వెళ్లేవాడు. గేటు మాత్రం దాటలేదు.”

తిరుగు బస్సులో మార్క్, అమ్మకి నేనే చెప్తాను అన్నాడు. ఇంటికి రాగానే తిన్నగా స్నానాలగదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాడు. కాబట్టి నేనే చెప్పాను.

ఏదీ దాచలేదు. జక్రయ్య గారు తండ్రి కాదని, అలా రాయించాడని, పదకొండు మందని, తొమ్మిది చీరలని, యలమందయ్య పేరు, కలరా, అన్నీ. పెళ్లికని అబద్ధమాడి వెళ్లామన్నది కూడా చెప్పేశాను. ఆమె తిడుతుందని, లేకపోతే కూలబడిపోతుందని ఎదురుచూశాను. రెండూ చేయలేదు. యలమందయ్య అని ఒకసారి తనలో తాను అనుకుంది. తర్వాత నన్ను ఒక్కటే అడిగింది, గేటు దాకా వచ్చేవాడా అని. ఏటా వచ్చేవాడట అన్నాను.

“సెలవల్లో నేను ఆ గేటు దగ్గరే కూర్చునేదాన్నే” అంది.

కళ్లజోడు తీసి చీర చెంగుతో తుడిచి, పెట్టుకోకుండా ఒళ్లోనే ఉంచుకుంది. నేను పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాను. పెళ్లయినప్పటి నుంచి ఆ చెయ్యి నేను పట్టుకోవడం, ఆమె పట్టుకోనివ్వడం అదే మొదలు.

ఆ పై ఆదివారం మేం చర్చి నుంచి వచ్చేసరికి జయపాల్, కూతుర్ని వెంటబెట్టుకుని, అరటిపళ్ల గెలతో మా గుమ్మంలో ఉన్నాడు. మంగళగిరి చీర తెచ్చాడు, ఆకుపచ్చది. ఇది కట్టుకోవడానికి, ఆ చీర సంగతి ఇప్పుడు ఎత్తొద్దు అని ముందే చెప్పేశాడు. రిజిస్టరు ప్రకారం ఆమె వాళ్ల నాన్నకి చెల్లెలు, కాబట్టి తనకి మేనత్త. అత్తా అని ఆయన పిలిచిన పిలుపు నాలుగిళ్ల అవతలికి వినిపించింది. అత్తయ్య కాసేపు ఆయన్ని ఎగాదిగా చూసింది. జీవితమంతా బస్సుల్లో తిరిగినవాడివి, ఇన్నాళ్లూ సత్తెనపల్లి బస్సే దొరకలేదా అని దులిపేసింది. చెకింగ్‌కి దొరికిపోయినవాడిలా ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. మధ్యాహ్నం దాకా తిట్లు తిని, కోడికూర తిని, సాయంత్రం బస్సుకి వెళ్లారు.

తర్వాత వారం రోజులు ఇల్లు ప్రశాంతంగా ఉంది. ఎనిమిదో రోజు మధ్యాహ్నం, అన్నం దగ్గర, పప్పులో ఉప్పు లేదంది అత్తయ్య. నేను రుచి చూశాను, సరిగ్గానే ఉంది. మార్క్ కూడా చూసి, సరిపోయిందమ్మా అన్నాడు. అనకుండా ఉండాల్సింది. ఈ ఇంట్లో నా మాటకి విలువ లేదని, నా నాలుకకి దిక్కు లేదని, కోడలి మాటే కొడుక్కి వేదమైపోయిందని ఆమె గొంతు పెంచుతూ పోయింది. కంచం పక్కకి తోసి లేచింది.

“నేను మా పుట్టింటికి పోతున్నా” అంది.

మేమిద్దరం కలిపిన ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాం. ఆ మాట నేను ఈ ముప్పయ్యేళ్లలో నాలుగుసార్లన్నా అని ఉంటాను, రెండుసార్లు నిజంగానే వెళ్లాను కూడా. మా మావయ్య మంచివాడే గానీ కోపం వస్తే కంచాలు ఎగిరేవని చెప్పుకుంటారు. అప్పుడు ఈమె ఎక్కడికి పోయి ఉంటుంది? అరవై మూడేళ్లుగా, కోపం వచ్చిన ప్రతిసారీ, మళ్లీ వంటింట్లోకే పోయి ఉంటుంది.

మంచం కింద నుంచి సంచీ తీసింది. అది అప్పటికే సర్ది ఉంది. పైన ఆకుపచ్చ చీర, దాని పక్కన పది రోజులకి సరిపడా బీపీ మాత్రలు. ఆపడానికి లేవబోతున్న మార్క్ కాలు తొక్కిపట్టాను. మర్యాదకి ఒకసారి, ఉండండి అత్తయ్యా అన్నాను. ఆమె వినలేదు, వినకూడదు కూడా. మార్క్ తోడు వెళ్లాడు. పొదిలి దాకా ఆమె అతనితో మాట్లాడలేదట, పక్క సీట్లో కూర్చోనివ్వలేదట. గుమ్మం ఎక్కాక నువ్వు లోపలికి రావొద్దని వెనక్కి పంపేసింది.

దీపాలు పెట్టే వేళ ఫోన్ మోగింది. జయపాల్. మామూలు గొంతు కాదు, టిక్కెట్టు లేనివాడిని నిలదీసే గొంతు.

“చెల్లెమ్మా, మా అత్త కళ్లనీళ్లు పెట్టుకుని వచ్చింది. మా ఇంటి ఆడపిల్లని ఏమన్నారు మీరు?”

ఎనభై ఒక్కేళ్లలో ఆమె తరపున ఆ మాట అడిగిన మనిషి లేడు. తప్పు నాదే అన్నయ్యా, పప్పులో ఉప్పు తక్కువేశాను అన్నాను.